ఇల్లు అయినవాళ్ళకు మాత్రమే

మిర్టిల్ క్రోజియర్ డెబ్బై ఎనిమిదో ఏట, ఆవిడకు సయోధ్య అవసరమని పైవాళ్ళు నిర్ణయించారు. ఆ కబురు మోసుకొచ్చినవాడు ఫెర్గల్ ట్వీడీ.

అతను బెల్‌ఫాస్ట్ మనిషి. టల్లీహార్న్ వచ్చి నెల దాటినా, అతను అటువాడో ఇటువాడో ఊరికి అంతు పట్టలేదు. ఫెర్గల్ అన్న పేరును బట్టి చూస్తే క్యాథలిక్కు. ట్వీడీ అన్న ఇంటిపేరును బట్టి చూస్తే ప్రొటెస్టంటు. ఇంగ్లీషు అక్షరాల్లో ఒకదాన్ని అటువాళ్ళు, అంటే క్యాథలిక్కులు, 'హేచ్' అంటారు, ఇటువాళ్ళు, అంటే ప్రొటెస్టంట్లు, 'ఏచ్' అంటారు. నోరు జారితే మతం బయటపడుతుంది. అందుకని పోస్టాఫీసులో కూర్చునే ఆవిడ ఏదో వంక పెట్టి అతని చేత కారు నంబరు చదివించుకుంది. తీరా చూస్తే ఆ నంబరులో ఆ అక్షరమే లేదు. చివరికి, "తల్లి ఒకవైపు, తండ్రి ఒకవైపు అయ్యుంటారు, పాపం" అని రెండు వైపులవాళ్ళూ ఒక మాట మీదికి వచ్చారు. ఆ ఊళ్ళో అతను సాధించిన మొదటి సయోధ్య అదే.

"కూర్చో బాబూ. టీ తాగుతావా?" అంది మిర్టిల్, వంటింట్లో కుర్చీ లాగుతూ.

"వద్దండీ, ఇప్పుడే తాగి వచ్చాను."

"ఎక్కడ తాగావు?" అని ఠక్కున అడిగింది. ఎవరింట్లో తాగాడో తెలిస్తే కొంతైనా తేలుతుందని ఆశ.

"కార్లోనండీ. ఫ్లాస్కులో తెచ్చుకుంటాను."

గట్టివాడే అనుకుంది మిర్టిల్.

అతను సంగతి విప్పాడు. శాంతి నిధి నుంచి ఊరికో బెంచీ వచ్చింది. స్నేహం బెంచీ. దాన్ని ఊరికి అప్పగించే రోజున ఇద్దరు ఆడవాళ్ళు దాని మీద మొదట కూర్చోవాలి. ఒకరు ఈ వర్గం, ఇంకొకరు ఆ వర్గం. ఇద్దరి పేర్లూ ఇత్తడి రేకు మీద చెక్కించి బెంచీకి బిగిస్తారు.

"ఏళ్ళ తరబడి పగ పెట్టుకున్నవాళ్ళయితే మరీ మంచిదండీ. అందుకే మీ దగ్గరికి వచ్చాను."

"నాకెవరి మీదా పగ లేదే!"

"ఎదురింటి డింప్నా మక్‌గోల్డ్రిక్ గారితో మీరు మాట్లాడరట కదా?"

"మాట్లాడను. దానికి పగెందుకు నాయనా? మాట్లాడను, అంతే."

"అద్భుతమండీ," అన్నాడు అతను, కోరిన దినుసు అంగట్లో దొరికినవాడిలా.

ఇలాంటి తతంగాలు నా ఒంటికి పడవని మిర్టిల్ చెప్పేసింది. అతను బతిమాలలేదు. లేచి కోటు వేసుకుంటూ, "డింప్నా గారు ఒప్పుకున్నారండీ. ఇద్దరూ సరేనంటే ఈ నెలలోనే కానిచ్చేద్దామనుకున్నాం. నెలాఖరుకు ఆవిడ వెళ్ళిపోతున్నారు కదా," అన్నాడు.

"ఎక్కడికి?"

"మీకు తెలియదా? ఇల్లు అమ్మేశారు. సరిహద్దు దాటి బండోరన్‌లో, సముద్రం ఒడ్డున, సిస్టర్లు నడిపే వృద్ధాశ్రమం ఉంది చూడండి. అక్కడికి."

మిర్టిల్ చేతిలోని టీపాత్ర గాలిలోనే ఆగిపోయింది. ఇల్లు అమ్మడం తనకు తెలియకపోవడమేమిటి? ఆ ఇల్లు తన వంటింటి కిటికీకి సరిగ్గా ఎదురుగా ఉంది. ఆ ఇంటి పొగగొట్టంలో పొగ ఎప్పుడు లేస్తుందో, ఏ వారం ఏ దుప్పటి ఆరేస్తారో ఆవిడకు తెలుసు. ఇన్ని తెలిసినా ఇది మాత్రం తెలియలేదు. అడగందే ఎవరు చెబుతారు?

"ఏ రోజున అన్నావు ఆ తతంగం?" అంది.

*

మిర్టిల్, డింప్నా ఒక సందులో పుట్టిన పిల్లలు. ఒకే బస్సు ఎక్కి వేరువేరు బళ్ళకు పోయేవారు. డింప్నా మలాకీ మక్‌గోల్డ్రిక్‌ను చేసుకుని ఎదురింటికి కాపురానికొచ్చింది. మిర్టిల్ వెస్లీ క్రోజియర్‌ను చేసుకుని ఇటు వచ్చింది. ఇద్దరికీ మధ్య ఒక సందు, రెండు గేట్లు. వెస్లీ ఇటువాళ్ళ సంఘమైన ఆరెంజ్ లాడ్జిలో మెంబరు. జూలై పన్నెండున, వాళ్ళ పండగ రోజున, మెడలో నారింజ పట్టీ వేసుకుని ఊరేగింపుకు పోయేవాడు. ఆ పూట అతని ఆవుల పాలు పితికేది మలాకీ. మలాకీ కుటుంబం పండగ పూజకు పోయినప్పుడు వాళ్ళ కోళ్ళకు మేత వేసేది వెస్లీ. ఈ విషయం ఇద్దరూ తమ తమ వాళ్ళ దగ్గర గొప్పగా చెప్పుకోలేదు, దాచుకోనూ లేదు.

మలాకీ ముందు పోయాడు. ఆ ఊళ్ళో అటువాళ్ళది గుడి, ఇటువాళ్ళది చర్చి. అటువాళ్ళ గుడిలో పూజ జరుగుతుంటే లోపల అడుగు పెట్టకూడదని లాడ్జి కట్టడి. అందుకని వెస్లీ, మిర్టిల్ గుడి గేటు బయట పూజ అయ్యేదాకా వానలో నిలబడ్డారు. లోపల అటువాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. గేటు బయట తడవడమే ఇటువాళ్ళ మర్యాద. శవాన్ని బయటికి తెస్తున్నప్పుడు డింప్నా ఒక్క క్షణం ఆగి మిర్టిల్ మోచెయ్యి పట్టుకుని, "తడిసి కోడిపిల్లలా అయ్యావే," అంది. ఆ మాట మిర్టిల్ దాచుకుంది.

మరుసటి ఏడు వెస్లీ పశువుల కొట్టంలో గుండె ఆగి పడిపోయాడు. ఆ వారమే పక్క ఊళ్ళో బాంబు పేలి ఇద్దరు పోయారు. ఊరు రెండు ముక్కలై బిగుసుకుపోయి ఉంది. డింప్నా చర్చిలోకి రాదని మిర్టిల్‌కు తెలుసు. పాతకాలం మనిషి, అడగకూడదు కూడా. ఇంటికి మాత్రం వస్తుందనుకుంది. చావింట్లో మంచి కప్పులన్నీ దించి పెట్టింది. కిటికీ దగ్గర నిలబడింది.

డింప్నా వచ్చింది. నల్లకోటు వేసుకుని, గుడ్డ కప్పిన పళ్ళెం ఒకటి పట్టుకుని సందు దాటి, గేటు గడియ మీద చెయ్యి వేసింది. మిర్టిల్ కళ్ళారా చూసింది. చూసి లోపలికి పోయింది. మళ్ళీ వచ్చేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు. ఎదురింటి తలుపు మూసి ఉంది.

అంతే. ఆ తర్వాత ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. డింప్నా కొన్నాళ్ళు దూరం నుంచి తల పంకించింది. మిర్టిల్ పంకించలేదు. కొన్నాళ్ళకు డింప్నా కూడా మానేసింది. అలా ఇరవై ఏళ్ళ పైన గడిచిపోయాయి. "బాంబు పడ్డాక మనసులు విరిగాయి" అని ఇటువాళ్ళు సర్దుకున్నారు. "మొగుడు లాడ్జివాడు, బుద్ధి ఎక్కడికి పోతుంది" అని అటువాళ్ళు సర్దుకున్నారు. ఎవరికి కావలసిన కారణం వాళ్ళకు దొరికింది. మిర్టిల్‌కే దొరకలేదు.

మిర్టిల్ చాలామందిని సాగనంపింది. పోయినవాళ్ళంతా ఏదో ఒకటి చెప్పే పోయారు. వాళ్ళమ్మ, "పొయ్యి ఆరిపోతోంది చూడవే," అంది. వెస్లీ కొట్టానికి పోతూ, "ఆ నల్లదూడ సరిగ్గా తాగడం లేదు," అన్నాడు. డింప్నా ఒక్కతే ఏమీ చెప్పకుండా పోయింది. పోయి కూడా ఎదురింట్లోనే ఉంది. ఇప్పుడు ఆ ఎదురిల్లు కూడా ఉండదు. గేటు దాకా వచ్చి ఎందుకు వెనక్కి పోయావే అని అడగడానికి ఈ నెలాఖరు వరకే గడువు. ఎదురింటి తలుపు కొట్టి అడగవచ్చుగా అంటారేమో. ఇరవై ఏళ్ళు దాటని సందు వెడల్పు ఎంతో, దాటవలసినవాళ్ళకే తెలుస్తుంది.

బెంచీ తతంగంలోనైతే పక్కపక్కన కూర్చోబెడతారు. అందుకే మిర్టిల్ ఒప్పుకుంది.

*

సయోధ్య మీటింగుకు చోటు దొరకడమే కష్టమయింది. ఆరెంజ్ హాలు ఇటువాళ్ళది. ప్యారిష్ హాలు అటువాళ్ళది. ఆఖరికి పశువుల సంతలో వేలంపాట హాలు ఖాయం చేశారు, పశువులకు మతం లేదని. నిజానికి ఎవరి ఆవును ఎవరు పాడతారో ఊరందరికీ తెలుసు. కానీ కాగితం మీద లేదు.

కమిటీలో అటు నలుగురు, ఇటు నలుగురు. ఆవులను తిప్పే ఇనుప కటకటాల మధ్య కుర్చీలు వేశారు. మిర్టిల్‌ను ఒక చివర, డింప్నాను రెండో చివర కూర్చోబెట్టి మధ్యలో ఫెర్గల్ ట్వీడీ నిలబడ్డాడు. డింప్నా సన్నబడింది. చేతికర్ర వచ్చింది. చూపులో పొగరు మాత్రం అలాగే ఉంది.

"మూడే నియమాలండీ," అన్నాడు ఫెర్గల్. "మీవాళ్ళు, మావాళ్ళు అనకూడదు. ఒకరి మీద ఒకరు గొంతు పెంచకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, జరిగిపోయింది తవ్వకూడదు."

"మరి దేని గురించి రాజీ పడాలి నాయనా?" అని అడిగింది డింప్నా.

"భవిష్యత్తు గురించండీ."

"నాకు ఎనభై. నా భవిష్యత్తు గురించి ఎవరితోనూ తగాదా లేదు."

మిర్టిల్‌కు నవ్వొచ్చింది. దగ్గుతో కప్పుకుంది.

తర్వాత రంగు సంగతి వచ్చింది. ఆకుపచ్చ వేస్తే అటువాళ్ళ జెండా రంగు. నారింజ వేస్తే ఇటువాళ్ళది. నీలం, ఎరుపు, తెలుపు కూడా ఇటువాళ్ళ జెండాలోవే. పసుపు వేద్దామంటే అది పోపుగారి జెండాలో ఉందని ఎవరో గుర్తు చేశారు. హాలు నేల వంక చూసి డింప్నా, "పేడ రంగు వేయండి. దాని మీద ఎవరికీ హక్కు లేదు," అంది. ఎగతాళికి అన్నమాట. ఎనిమిదికి ఎనిమిది ఓట్లూ పడ్డాయి.

ఇక బెంచీ ఎటు చూడాలి? తూర్పుకు తిప్పితే చర్చి గంటస్తంభం కనిపిస్తుంది. పడమరకు తిప్పితే గుడి శిలువ. దక్షిణానికి లాడ్జి ధ్వజస్తంభం. అన్ని దిక్కులూ వడగట్టగా ఉత్తరం మిగిలింది. ఉత్తరాన మురుగునీటి ప్లాంటు వెనక గోడ ఉంది.

"గోడ చూస్తూ కూర్చోవాలా?" అంది మిర్టిల్.

"తటస్థమైన గోడ అండీ," అన్నాడు ఫెర్గల్.

అందరూ లేస్తున్న సందడిలో మిర్టిల్ ధైర్యం కూడగట్టుకుని, "డింప్నా, నిన్నొక మాట..." అని మొదలుపెట్టింది. ఫెర్గల్ చటుక్కున మధ్యలోకి వచ్చాడు. "అమ్మా, దయచేసి. పాత సంగతా అది?"

"పాతదే."

"అయితే బెంచీ అయ్యాక మాట్లాడుకోండి. ఇప్పుడు తొందరపడితే సయోధ్య దెబ్బతింటుంది."

"అడగనీ బాబూ," అంది డింప్నా అవతలి చివర నుంచి. "ఆవిడ కడుపులో ఏది పెట్టుకున్నా పులిసేదాకా ఉంచుతుంది. చిన్నప్పటి నుంచీ అంతే."

గొంతు పెంచిందని ఫెర్గల్ ఆవిణ్ణి మెత్తగా మందలించాడు. ఇద్దరినీ రెండు తలుపుల్లోంచి బయటికి పంపించాడు.

*

బెంచీ రోజు రానే వచ్చింది. వానా వచ్చింది. పేపరతను వచ్చాడు. పాస్టరుగారు, ఫాదరుగారు ఒకరి గొడుగు కిందికి ఒకరు రాకుండా, అలాగని దూరంగా ఉన్నట్టూ కనబడకుండా ఎడం పాటిస్తూ నిలబడ్డారు. సంత క్యాంటీన్లో ఫలహారాల ఏర్పాటు. ఇటువాళ్ళు కేకు ముక్కలు, అటువాళ్ళు శాండ్‌విచ్‌లు తెచ్చేట్టు ఒప్పందం. టీ మరిగే పెద్ద డబ్బా మూత బిగుసుకుపోయిందని ఎవరో అరిస్తే, దాని గుట్టు తెలిసిన మిర్టిల్ లోపలికి పోయింది. పోయేసరికి అక్కడ డింప్నా ఒక్కతే ఉంది. చేతికర్ర బల్లకు ఆనించి గుడ్డు, ఉల్లికాడల శాండ్‌విచ్‌లు కోస్తోంది.

మిర్టిల్ తలుపు దగ్గరికి వేసింది.

"ఎందుకు వెనక్కి పోయావే?"

డింప్నా కోయడం ఆపలేదు. "ఎక్కడి నుంచి?"

"ఎక్కడి నుంచో నీకు తెలుసు. వెస్లీ పోయిన రోజున. గేటు దాకా వచ్చావు. గడియ మీద చెయ్యి వేశావు. నేను చూశాను."

"నువ్వు చూశావని నేనూ చూశాను. చూసి పక్కకు తప్పుకున్నావు. ఇంకేం చెయ్యమంటావు? తలుపు బద్దలు కొట్టుకుని రమ్మంటావా?"

"తప్పుకోవడమేమిటే! నీ కప్పు తేవడానికి పోయాను! నీలం అంచుది. పై అరలో ఉండిపోతే స్టూలు ఎక్కి తీసుకొచ్చాను. వచ్చేసరికి నువ్వు లేవు."

కత్తి ఆగింది.

"కప్పు కోసమా?" అంది డింప్నా.

"ఇంక దేనికి?"

"మరి పేపర్లో అలా ఎందుకు వేయించావు?"

"పేపర్లో ఏం వేయించాను?"

"ఏం వేయించానంటావేమిటి! చావు కబురు కింద. ఊరంతా చదివేటట్టు. 'ఇల్లు అయినవాళ్ళకు మాత్రమే' అని."

మిర్టిల్‌కు ఆ మాట బాగా తెలిసిన మాటే. ఎంత తెలిసిందంటే, అదొక మాటని ఎన్నడూ అనుకోలేదు.

"అదా? అది ఆల్ఫీ బ్రౌన్లీ వేస్తాడే! శవపేటికల ఆల్ఫీ. మావాళ్ళలో ఎవరు పోయినా ఆ ముక్క వేస్తాడు. పేరు, వయసు, 'ప్రభువునందు నిద్రించెను', 'ఇల్లు అయినవాళ్ళకు మాత్రమే'. అదొక వరస. నేను చదవనైనా చదవలేదు."

"అయితే ఎవరూ పోరా ఆ ఇంటికి?"

"అందరూ పోతారు! ఆ రోజు మా వాకిట్లో కార్లు పట్టలేదు!"

"చూశానులే ఆ కార్లు. ఆ కార్ల వల్లే కదా... ఇంతమంది అయినవాళ్ళేనట, నేనొక్కదాన్నే కానిదాన్నట అనుకున్నాను." డింప్నా కోసిన ముక్కను పళ్ళెంలో సర్దింది. "మాలో చావింటి తలుపు మూయరే. తెలిసినవాడూ తెలియనివాడూ వస్తారు, తింటారు, తాగుతారు, శవం పక్కన కూర్చుని ఆవుల ధరలు మాట్లాడతారు. మాలో ఎవరైనా అలా అచ్చు వేయించారంటే ఆ ఇంట్లో చెప్పుకోలేనిదేదో జరిగిందన్నమాట. లేదంటే ఫలానా మనిషి రాకూడదన్నమాట. బాంబు పడిన వారం అది. ఆ ఫలానా మనిషి నేను కాక ఇంకెవరనుకోవాలి?"

"అనుకుంటే మాత్రం, పళ్ళెం పట్టుకుని గేటు దాకా ఎందుకొచ్చావు?"

"ఎందుకొచ్చానా! అచ్చులో ఏమున్నా మిర్టిల్ నన్ను రావద్దనదు అనుకుని వచ్చాను. కిటికీలో చూశాక నమ్మాను."

బయట ఎవరో మైకు గోకి, "ఒకటి, రెండు" అంటున్నారు. మిర్టిల్ పిండి డబ్బా మీద కూర్చుంది. ఇరవై ఏళ్ళు. ఆల్ఫీ బ్రౌన్లీ అలవాటు ఒకటి, పై అరలో కప్పు ఒకటి.

"పళ్ళెంలో ఏముందే ఆ రోజు?" అని అడిగింది.

"ఇవే. గుడ్డు, ఉల్లికాడ. మా కుక్క మూడు పూటలు తిన్నది."

"కుక్క కనుక తిన్నది. నువ్వు ఉల్లికాడ మరీ ఎక్కువ వేస్తావు."

"ఏమిటీ?" అంది డింప్నా, కత్తి పైకెత్తి.

సరిగ్గా అప్పుడే ఫెర్గల్ తలుపు తోశాడు. ఒక ఆవిడ చేతిలో కత్తి. ఇంకో ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. అతని మొహం పాలిపోయింది.

*

బెంచీ మీద కూర్చోబెట్టేదాకా ఇద్దరినీ వేరువేరుగా నడిపించుకొచ్చారు. పేడ రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. కింద ప్లాస్టిక్ పట్టా పరిచారు. పాస్టరుగారు ఒక వాక్యం, ఫాదరుగారు ఒక వాక్యం చదివారు. చేతులు కలపండి అన్నాడు పేపరతను. ఇద్దరూ ఎదురుగా ఉన్న గోడ వంక చూస్తూ చేతులు కలిపారు.

"ఇరవై ఏళ్ళు ఎదురింట్లో ఉండి, ఒక్క మాట అడగలేకపోయావా?" అంది డింప్నా పళ్ళ సందు నుంచి.

"నువ్వు అడిగావా?"

"నేను తల పంకించానే! నువ్వు మొహం తిప్పుకున్నావు!"

"ఏ మొహం పెట్టుకుని పంకించావు? గేటు దాకా వచ్చి పారిపోయినదానివి!"

"పారిపోయానా? రావద్దని పేపర్లో వేయించి, పారిపోయానంటావా!"

"మళ్ళీ అదే మాట! చెప్పానా లేదా అది ఆల్ఫీ పని అని!"

"అమ్మా, నవ్వండి," అన్నాడు పేపరతను దిక్కుతోచక.

"నువ్వుండు బాబూ!" అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో.

ఆ రోజు వాళ్ళిద్దరూ పలికిన సయోధ్య వాక్యం అదొక్కటే. దాన్ని ఎవరూ గుర్తించలేదు. కలిపిన చేతులు విడవలేదన్న సంగతీ ఎవరూ గమనించలేదు. ఫెర్గల్ వచ్చి వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి, "కాస్త గాలి పీల్చుకోండి" అని ఇద్దరినీ చెరో పక్కకు తీసుకుపోయాడు.

మరుసటి వారం పేపర్లో వచ్చింది: 'టల్లీహార్న్‌లో మానని గాయాలు.' కమిటీ చర్చించి, ఈ ఇద్దరూ సయోధ్యకు ఇంకా సిద్ధంగా లేరని తేల్చింది. ఇత్తడి రేకు మీద పేర్లు చెక్కించలేదు. రేకు ఖాళీగానే బిగించారు. ఫెర్గల్ సామాను సర్దుకుని ఇంకో ఊరికి పోయాడు. పోయేముందు పోస్టాఫీసులో ఏదో పార్సెలు పంపిస్తూ అడ్రసు అక్షరం అక్షరం చెప్పాడట. ఈసారి ఆ 'హేచ్-ఏచ్' అక్షరం ఉంది కానీ, సరిగ్గా అప్పుడే అతనికి తుమ్ము వచ్చిందట.

"ఆ కుర్రాడికి చెబుదామా, మనం బాగానే ఉన్నామని?" అంది మిర్టిల్.

"నోరు మూసుకో. చెబితే ఇంకో బెంచీ వేస్తారు," అంది డింప్నా.

అప్పటికి వాళ్ళిద్దరూ ఆ బెంచీ మీదే కూర్చుని ఉన్నారు. నెలాఖరు దాకా వాన లేని ప్రతి పొద్దునా అక్కడికి వచ్చి గోడ చూస్తూ తగువు పడ్డారు. ఆ దారిన మనుషులు నడవరు. నడిచినా వాసనకు ముక్కు మూసుకుని తొందరగా పోతారు. దూరం నుంచి చేతులు ఊపడం చూసినవాళ్ళు, "ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు, చూడు" అని ఊళ్ళో చెప్పారు.

ఆఖరి పొద్దున తగువు తక్కువగా జరిగింది.

"ఇల్లు అమ్మకుండా ఉండాల్సింది," అంది మిర్టిల్.

"సంతకం పెట్టాకనా చెప్పడం?"

"నువ్వు నాకు చెప్పావా?"

"చెప్పాలనే కదా ఆ బెంచీవాడికి సరేనన్నాను. పక్కన కూర్చోబెడతారు కదా అని. లేకపోతే ఈ పేడ బల్ల మీద నాకేం పని?"

మిర్టిల్ గోడ వంక చూసింది. గోడ మీద నాచు తప్ప ఏమీ లేదు.

"నీకేమైనా అయితే నాకెలా తెలుస్తుందే?" అంది.

"పేపరు తెప్పించుకో. వెనక పేజీ నుంచి చదువు. నేను యాభై ఏళ్ళుగా అలాగే చదువుతున్నాను. చావులు ముందు చదివితే మిగతా వార్తలన్నీ చల్లగా ఉంటాయి." డింప్నా చేతికర్రతో నేల మీద గీతలు గీసింది. "తెలిస్తే మాత్రం రా. గేటు దగ్గర నిలబడతానంటే పెట్టెలోంచి లేచి వస్తాను. లోపలికి రా. ముందు వరసకు."

"వస్తాను. మోకాళ్ళ మీద మాత్రం కూర్చోను."

"ఎవరు కూర్చోమన్నారు? కూర్చుంటే నిన్ను లేపేదెవరు?"

"మరి నేను ముందు పోతే?"

"ఆ రోజు కూడా గుడ్డు, ఉల్లికాడే తెస్తాను. గేటు తీసుకుని, తలుపు తీసుకుని తిన్నగా వంటింట్లోకి వస్తాను. పేపర్లో నువ్వేం వేయించుకున్నా సరే."

మధ్యాహ్నం ఆశ్రమం సిస్టరు కారు తెచ్చింది. మిర్టిల్ సందులోకి పోలేదు. బతికున్నవాళ్ళను సాగనంపడం ఆవిడకు చేతకాదు. వంటింటి కిటికీ దగ్గర నిలబడింది. డింప్నా కారెక్కబోతూ ఇటు చూసి తల పంకించింది. మిర్టిల్ కూడా పంకించింది. పొయ్యి మీద టీనీళ్ళు మరిగి పొంగి, మూత ఎగిరి కిందపడింది. మిర్టిల్ కదల్లేదు. కారు మలుపు తిరిగి, దాని చప్పుడు కూడా పోయేదాకా కిటికీ దగ్గరే ఉంది.

*

ఆనాటి నుంచి మిర్టిల్ పేపరు వెనక పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. అటువాళ్ళ చావులు ఎక్కువగా పడే పేపరు కూడా తెప్పించుకుంది. పోస్టాఫీసావిడ ఆ పేపరును చుట్టి లోపలి పక్కకు మడిచి పంపించేది, క్రోజియర్ గారింటి మర్యాద కోసం. ఎం అక్షరం దాకా వచ్చేసరికి మిర్టిల్ ఆగి, వేలు పెట్టి ఒక్కో పేరూ చదివేది. మక్‌గోల్డ్రిక్ లేదని చూసుకున్నాక టీ పెట్టుకునేది. అవతల బండోరన్‌లో ఇంకొకావిడ క్రోజియర్ కోసం సీ అక్షరం దగ్గర ఇలాగే ఆగుతుందని తలుచుకుంటే టీ కాస్త రుచిగా ఉండేది.

ఒక రోజు ఇటువాళ్ళ చావు కబురు ఒకదాని కింద ఆ ముక్క కనిపించింది. ఇల్లు అయినవాళ్ళకు మాత్రమే. ఇంకోటి. అందులోనూ అదే. కోటు వేసుకుని ఆల్ఫీ బ్రౌన్లీ దగ్గరికి బయలుదేరింది.

ఆల్ఫీ ముసలివాడయ్యాడు కానీ దుకాణం వదల్లేదు. ఆవిణ్ణి చూసి లేచి కుర్చీ వేశాడు.

"నేను పోయినప్పుడు పేపర్లో ఏం వేస్తావు ఆల్ఫీ?"

"ఇప్పుడే ఏం తొందరమ్మా? అందరికీ వేసేదే. ప్రభువునందు నిద్రించెను. క్రోజియర్ గారి భార్య. ఇల్లు అయినవాళ్ళకు మాత్రమే."

"ఆ ఆఖరి ముక్క అవసరమా?"

"అలవాటమ్మా. మనలో అది లేకపోతే వెలితిగా ఉంటుంది. వద్దంటే తీసేస్తాను. మీరు ఎలా అంటే అలా."

తీసెయ్ అందామనే మిర్టిల్ వచ్చింది. నోటిదాకా వచ్చింది కూడా. అప్పుడు మనసులోనే ఆ మాటను ఇంకోసారి చదువుకుంది. ఇన్నేళ్ళలో మొదటిసారి అక్షరం అక్షరం చదువుకుంది.

"వద్దు, ఉంచు," అంది. "అలాగే ఉంచు. అయినవాళ్ళకు మాత్రమే. ఆ ముక్క మాత్రం మర్చిపోవద్దు ఆల్ఫీ. కాస్త పెద్ద అక్షరాల్లో పడేట్టు చూడు. ఎనభై దాటిన కళ్ళకు కనిపించాలి."

"ఎవరమ్మా మీకు అయినవాళ్ళు? పిల్లలు కూడా..." అని ఆల్ఫీ నాలుక కరుచుకున్నాడు.

"ఉన్నారులే," అంది మిర్టిల్. హుషారుగా గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం భోజనం దగ్గర ఆల్ఫీ పెళ్ళాంతో అన్నాడు: "చూశావా ఆ క్రోజియరమ్మ పంతం! బెంచీ గొడవ నువ్వూ విన్నావుగా. చచ్చాక కూడా ఎదురింటావిడ తన గడప తొక్కకూడదట. పెద్ద అక్షరాల్లో వేయమని చెప్పి మరీ పోయింది."

"ఎన్ని బెంచీలు వేస్తే మాత్రం ఏం లాభం?" అంది పెళ్ళాం, బంగాళాదుంపలు వడ్డిస్తూ. "మతం అలాంటిది మరి."